మాణిక్యమ్మ గారి అనుమానం

మొన్న మార్చిలో ఒక మధ్యాహ్నం, పేట్ బషీరాబాద్‌లోని మా ఇంట్లో భోజనాలయ్యాక గిన్నెలు సర్దుతుంటే, బల్ల మీది ఫోను గుండె అదిరేలా మోగింది. ఎవరో చేసిన ఫోను కాదు. ఉరుములు, పిడుగులు, ఈదురుగాలులతో భారీ వర్షం పడుతుందనీ, చెట్ల కింద నిలబడవద్దనీ ప్రభుత్వం పంపిన హెచ్చరిక. బయట చూస్తే తెల్లటి ఎండ. అయినా గాలిలో ఎక్కడి నుంచో తడిసిన మట్టి వాసన వస్తోంది. నేను బాల్కనీలోకి వెళ్లి ఉత్తరం వైపు కాసేపు చూశాను. టీవీ పెట్టాను. అదీ చాలక మేడ్చల్‌లో ఉండే స్నేహితురాలికి ఫోన్ చేసి, అక్కడ మబ్బు పట్టిందా అని అడిగాను. పట్టిందని చెప్పాకే ఆరేసిన బట్టలు తీశాను. "వాతావరణం వాళ్లను కూడా అనుమానిస్తావేంటమ్మా?" అని మా అమ్మాయి నవ్వింది. దానికి మాణిక్యమ్మ గారు తెలియదు. తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల ఇప్పుడు ఎంతమంది మిగిలారో నాకూ తెలియదు.

తొంభైల్లో మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారికి అటూ ఇటూ ద్రాక్ష తోటలుండేవి. రాతి కడ్డీలు పాతి, వాటి మీద ఇనుప తీగలు అల్లి, మనిషి తల తగిలేంత ఎత్తున పందిళ్లు వేసేవారు. ఎండాకాలం మొదట్లో ఆ పందిరి కిందకు వెళితే పైనంతా ఆకుపచ్చ, ఆ పచ్చదనంలోంచి వేలాడే గుత్తులు, కింద చల్లని నీడ. అలాంటి ఒక తోటకు యజమాని మాణిక్యమ్మ గారు. చిన్న వయసులోనే భర్త పోయారు. పిల్లలు లేరు. పక్క చేను మరిది నర్సింహారెడ్డిది. ఆయన అప్పటికే తన తోట తీసేసి, భూమిని ప్లాట్లుగా కొలిపించి, సున్నం పూసిన హద్దురాళ్లు పాతించాడు. వదిన తోట కూడా కలిస్తే ప్లాట్లకు రోడ్డు ముఖం వస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఊరికీ తెలుసు. కాబట్టి ఆమె అనుమానాలన్నీ మరిది దగ్గర మొదలయ్యేవి. కాని అక్కడితో ఆగేవి కావు.

మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. నాన్నగారు ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవారు, గాజులరామారంలో అద్దెకుండేవాళ్లం. నేను బియస్సీ పాసై ఇంట్లో ఖాళీగా ఉంటే, తోటలో మందుల పిచికారీ, కోతలు, ప్యాకింగు చూసుకోవడానికి చదువుకున్న మనిషి కావాలని ఎవరో చెప్పారు. రెండు బస్సులు మారి వెళ్లాను. రేకుల షెడ్డులో నులక మంచం మీద కూర్చున్న ఆమె, నమస్కారం పెట్టిన నన్ను పైనుంచి కిందికి చూసి మొదట అడిగిన మాట నా చదువు గురించి కాదు.

"ఎవలు పంపిన్రు నిన్ను?"

"ఎవరూ పంపలేదండీ. నేనే వచ్చాను."

"మీ దిక్కోళ్లు గీడికొస్తె ప్లాటు కొననీకె వస్తరు. కొలువుకు ఎవలొస్తరు? మా మరిది పంపిండా?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. లేదన్నాను. ఆమె కాసేపు నా కాళ్లకున్న దుమ్ము వైపు చూసింది. "నీ మీద నాకు అనుమానమున్నది బిడ్డా. ఎనక మాట్లాడుడు నాకు రాదు, గందుకే ముఖం మీదనే చెప్తున్న. రేపటి సంది రా" అంది. అలా ఉద్యోగం ఇచ్చినవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

ఆమె అనుమానానికి ఒక పద్ధతి ఉండేది. వ్యాపారి లారీ వచ్చిన రోజున, ఒక్క గంప తూకం వేయకముందే, చెప్పులు విడిచి తనే కాంటా ఎక్కి నిలబడేది. కిందటిసారి బరువుకూ ఈసారి బరువుకూ తేడా వస్తే, "నేను బక్కగయిన్నా, నీ కాంటా బక్కగయిందా?" అని అడిగేది. చుట్టూ ఉన్న కూలీలు నవ్వేవారు, వ్యాపారి నవ్వలేక నవ్వేవాడు. షెడ్డులో కడ్డీకి ఒక ట్రాన్సిస్టర్ వేలాడుతుండేది. సాయంత్రం వార్తల చివర "తెలంగాణలో ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన జల్లులు" అని చెప్పగానే దానితోనే పోట్లాడేది. "గా ఒకటి రెండు చోట్లల్ల మేమున్నమా లేమా, గది చెప్పవేందిరా?"

నేను చేరిన కొత్తలో ఒక రోజు, శుక్రవారం కోత మొదలుపెడదామని నాతో రహస్యంగా చెప్పింది. శుక్రవారం ఏ కోతా జరగలేదు. ఆ మర్నాడు నన్నూ, కాపలా ఉండే మల్లయ్యనూ ఎదురుగా నిలబెట్టింది. "ఈ పిల్లకు శుక్రవారమని చెప్పిన. నీకు ఐతారమని చెప్పిన. ఐతారం కోత ఎట్లయితదని మా మరిది అడుగవట్టె. చెప్పు మల్లయ్యా, ఆయనకెట్ల తెలిసింది?" ఆదివారం అన్న మాట మల్లయ్య ఒక్కడికే చెప్పిందన్నమాట. అతను తల వంచుకున్నాడు. పనిలోంచి తీసేస్తుందనుకున్నాను. తీసేయలేదు. "నువ్వు మోస్తవని ఎర్కయింది. ఇగ మోయాల్సిన మాటనే నీకు చెప్త" అని పంపేసింది. ఆ తర్వాత మరిదికి ఏదైనా తెలియాలంటే మల్లయ్యకు చెప్పేది. నాకు మాత్రం చాలా రోజులు నిద్ర సరిగా పట్టలేదు. నన్ను కూడా ఇంకా ఏ మాటతో పరీక్షిస్తోందో అని ఆమె చెప్పిన ప్రతిదాన్నీ రెండుసార్లు ఆలోచించేదాన్ని. అనుమానించే మనిషి దగ్గర పనిచేస్తే మనమూ అనుమానించడం నేర్చుకుంటాం. ముందు ఆ మనిషినే అనుమానిస్తాం.

వాన కబురంటే ఆమెకు ప్రత్యేకమైన అనుమానం. దానికి కారణం ఉంది. నేను చేరకముందు ఒక ఏడు, నగరం నుంచి వచ్చిన వ్యాపారి ఒకడు వడగండ్లు పడబోతున్నాయని తోటలన్నీ తిరిగి భయపెట్టాడట. అందరూ హడావుడిగా కోసి, అతను చెప్పిన ధరకు ఇచ్చేశారు. ఆ నెలంతా ఆకాశంలో మబ్బు తునక లేదట. "మబ్బును గూడ అమ్ముకునేటోళ్లున్నరు బిడ్డా" అనేది. కబురు ఎవరు తెచ్చినా ముందు ఆ మనిషికి దానివల్ల ఏం కలిసొస్తుందో చూడమనేది.

నేను చేరిన మూడో ఏడు పంట బాగా వచ్చింది. గుత్తుల బరువుకు తీగలు కిందికి జారుతుంటే అక్కడక్కడ వెదురు ఊతకర్రలు పెట్టించాం. తీపి పూర్తిగా ఎక్కడానికి ఇంకా కొన్నాళ్లు ఉంచాలని ఆమె పట్టుదల. కూలీలు అప్పుడు ముందుగా పండిన వరుసలు మాత్రమే కోస్తున్నారు. అలాంటి ఒక ఉదయం ఖాజా భాయ్ లారీ వేసుకుని వచ్చాడు. చాలా ఏళ్లుగా మా తోట పండు కొనే వ్యాపారి ఆయన. రానున్నట్టు ముందుగా చెప్పలేదు. దిగుతూనే, "అమ్మా, మొత్తం ఇయ్యాలనే కోయించుర్రి. పొద్దుగాల కామారెడ్డి దిక్కు పత్తర్ల వాన, ఇంతింత వడగండ్లు పడ్డయంట. తోటలు సాఫ్ అయినయంట. గీ దిక్కే వస్తాంది" అన్నాడు.

"ధర?"

ఆయన కొంచెం తడబడ్డాడు. "అందరూ ఇయ్యాలనే కోస్తున్నరు. మండీ నిండిపోతది. జెర తక్కువనే వస్తదమ్మా."

ఆమె పైకి చూసింది. ఆకాశం నీలంగా, ఎండ చురుక్కుమంటూ ఉంది. ఆ నీలం కూడా ఎందుకో మరీ శుభ్రంగా, ఎవరో కావాలని తుడిచిపెట్టినట్టు నాకనిపించింది. ట్రాన్సిస్టర్ పెట్టబోతే బ్యాటరీలు అయిపోయి గురగురమంది. అంతలో నర్సింహారెడ్డి జీపు వచ్చి ఆగింది. "వదినా, కోయించెయ్. గాలివాన వస్తదని రేడియోల చెప్పిన్రు. పందిరి బరువు మీదున్నది, పడిపోతది" అన్నాడు. ఆయన కళ్లు ఒకసారి ఖాజా భాయ్ వైపు వెళ్లి వచ్చాయి. అది పలకరింపో, సైగో నాకు అర్థం కాలేదు. మాణిక్యమ్మ గారికి మాత్రం అర్థమైపోయినట్టుంది. మంచం మీంచి లేచింది.

"ఇద్దరి నోట్ల ఒక్కటే మాట. ఏడ కూడబలుక్కున్నరు? ఒకడు పంటకొచ్చిండు, ఒకడు భూమికొచ్చిండు. దొంగల లెక్క ఇద్దరూ ఒక్క తీరుగ వచ్చిన్రు!"

కూలీలందరూ చేతిలో కత్తెరలతో అలాగే నిలబడిపోయారు. ఖాజా భాయ్ ముఖం నల్లబడింది. "నన్ను దొంగ అంటున్రా అమ్మా?" అన్నాడు, చాలా మెల్లగా. ఆమె నావైపు తిరిగింది. "ఇజయా, జల్ది పో. రోడ్డు మీద ఫోను డబ్బాలకెల్లి మీ నాయినకు ఫోన్ చెయ్. మన పంట పండినా ఎండినా ఆయనకు ఒక్కటే. ఆయన ఏమంటడో అడుగు."

నేను రోడ్డు మీది ఎస్టీడీ బూత్‌కు దాదాపు పరుగెత్తాను. ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే నాన్నగారిని పిలవడానికి చాలాసేపు పట్టింది. "ఏమ్మా, ఒంట్లో బాగానే ఉందా?" అని కంగారుపడ్డారు. వాన గురించి అడిగాను. "పొద్దున పేపర్లో వేశాడు. ఉరుములు, ఈదురుగాలులు అన్నాడు. మా క్యాంటీన్లో రేడియోలో కూడా అదే చెప్పారట. నువ్వు బయలుదేరి వచ్చెయ్యి, తోటలో ఉండకు" అన్నారు. బూత్‌లోంచి బయటికి వచ్చేసరికి వెలుతురు రంగు మారింది. ఉత్తరాన, తూప్రాన్ వైపు, నేలకూ ఆకాశానికీ మధ్య బూడిద రంగు గోడ ఒకటి లేచి ఉంది. గాలి అసలు లేదు. రోడ్డు పక్క చెట్లలో ఒక్క ఆకు కదలడం లేదు. ఆ నిశ్శబ్దం నాకు అసలు నచ్చలేదు.

నాన్నగారి మాట చెప్పగానే ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. ఖాజా భాయ్ ముందుకొచ్చాడు. "ఇంక గంట టైం ఉన్నదమ్మా. రోడ్డు దిక్కు వరుసలన్నా తీసేద్దాం. లారీ ఉన్నది." నర్సింహారెడ్డి అప్పటికే కూలీలను పందిరి కిందికి తోలుతున్నాడు. "ఉరుకుర్రి! తెంపి పడెయ్యుర్రి!" పంటలో సగమైనా దక్కేదేమో. అక్కడున్న ఎవరికైనా తోచే మాట అదే. అప్పుడే దూరాన ఉరుము, బండి చక్రం బండల మీద దొర్లినట్టు, చాలాసేపు దొర్లింది. ఆమె పందిరి మీది ఇనుప తీగల వంక చూసింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకదానికొకటి కట్టిన తీగలు. వాటి కింద తలలు తగిలేలా నిలబడ్డ ఆడవాళ్లు.

"ఎవలూ కొయ్యద్దు. అందరూ బయటికి రాండ్రి."

"వదినా, నీకేమన్న పిచ్చా?" అన్నాడు నర్సింహారెడ్డి.

"చెప్పినోడు దొంగ గావచ్చు. మాట నిజం గావచ్చు. పంట కాడ అనుమానం పెట్టుకున్న, పోతె నాదే పోతది. గీళ్ల పానాల కాడ పెట్టుకోను. రాండ్రి బయటికి!"

కూలీలు కదిలారు కాని అందరూ కాదు. అనుమానం అప్పుడు వాళ్లకు పట్టుకుంది. లోపలి వరుసల్లో ఉన్న ఎల్లమ్మ అనే పెద్దామె గంప దగ్గరే కూర్చుండిపోయింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు ఆగారు. "పొద్దటి సంది వాన వాన అంటున్రు, ఒక్క సుక్క లేదు. సగం పూటకే ఎల్లగొట్టి సగం కూలిచ్చే ఎత్తు గిది. నేను రాను" అని అక్కడి నుంచే అరిచింది. మాణిక్యమ్మ గారు చెప్పులు కూడా వేసుకోకుండా పందిరి కిందికి వెళ్లింది. నేను షెడ్డు చూరు కింద నిలబడి చూస్తున్నాను. మొదటి గాలి అప్పుడు కొట్టింది. పందిరి మొత్తం ఒక్కసారి మూలిగింది. ఆకుల చప్పుడులో ఆమె గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది.

"ఎల్లమ్మా, నన్ను అనుమానపడు. మంచిదే. బయటికొచ్చి అనుమానపడు! దినం కూలి మొత్తం ఇస్త, గీళ్లందరి ముందల చెప్తున్న!"

ఎల్లమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుని వచ్చింది. మిగతా ఇద్దరూ వెనకే పరుగెత్తుకొచ్చారు. వాళ్లు షెడ్డులోకి అడుగుపెట్టాక కొంతసేపటికే రేకుల మీద రాళ్లు పోసినట్టు వడగండ్లు మొదలయ్యాయి. పక్కనున్న మనిషి మాట వినపడదు. గాలి రేకులను పైకి లేపి దించుతోంది. అంతలో తెల్లటి వెలుగు, దానితోపాటే పిడుగు. తోట గట్టు మీది తాటిచెట్టు తల అంటుకుంది. ఆ చెట్టు పక్క నుంచే పందిరి తీగలు వెళతాయి. మరుసటి నిమిషంలో పడమటి వైపు కడ్డీలు ఒకదాని వెనక ఒకటి ఒరిగాయి. పందిరి, పంట, అంతా కలిసి నేలకు కూర్చుంది. షెడ్డులో ఎవరూ ఏడవలేదు. ఎల్లమ్మ మాత్రం మాణిక్యమ్మ గారి కొంగు అంచు పట్టుకుని వదల్లేదు.

తెరిపి ఇచ్చాక వెళ్లి చూశాం. ఎల్లమ్మ వదిలేసి వచ్చిన గంప ఉన్న వరుసలో తీగల వెంట ఆకులు వేడినీళ్లు పోసినట్టు నల్లగా మాడి ఉన్నాయి. పగిలిన పండ్ల తీపి వాసన, దాని మీద కాలిన వాసన. ఖాజా భాయ్ ఖాళీ లారీ ఎక్కి వెళ్లిపోయాడు. నర్సింహారెడ్డి మర్నాడే మళ్లీ వచ్చాడు, ఒక ప్లాట్ల మనిషిని వెంటబెట్టుకుని. "ఇగ ఏం చేస్తవ్ వదినా? అమ్మెయ్" అన్నాడు. ఆమె పడిపోయిన కడ్డీ మీద కూర్చుని, "తోట పోయిందని నీకు బాధున్నదో, సంబురమున్నదో నీ ముఖంల కనవడతలేదు. గది కనవడ్డ నాడు మాట్లాడుదాం" అంది. ఆయన నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వుకు అర్థం నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాతి రోజు ఉదయం, "పా, పట్నం పోదాం" అని నన్ను బయలుదేరదీసింది. ఎందుకో చెప్పలేదు. బస్సెక్కి, దిగి, నడిచి, పండ్ల మండీలోకి వెళ్లాం. ఆడవాళ్లు పెద్దగా కనిపించని చోటు. గంపలు, అరుపులు, కాళ్ల కింద కుళ్లిన ఆకులు. ఖాజా భాయ్ తన దుకాణం ముందు నలుగురు వ్యాపారులతో నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. ఆమె సరాసరి ఆయన ఎదుటికి వెళ్లింది.

"ఖాజా, మొన్న నిన్ను దొంగ అన్న. నువ్వు నిజం చెప్పినవ్. అందరి ముందల అన్న, గందుకే అందరి ముందల ఎనకకు తీసుకుంటున్న."

మండీలో ఆ కొంచెం మేర మాటలు ఆగిపోయాయి. ఆయన "అయ్యో, కూసోర్రి అమ్మా, గంత దూరం నుంచి వచ్చిన్రా దీనికోసం?" అని గోనెసంచి దులిపి వేశాడు. కళ్లు తుడుచుకున్నాడు. చాయ్ తెప్పించాడు. ఆమె చాయ్ తాగి లేస్తూ, "గానీ వచ్చే ఏడు నీ కాంటా మల్ల ఎక్కుత. గది మానను" అంది. అందరికన్నా పెద్దగా నవ్వినవాడు ఖాజా భాయే.

తిరుగు బస్సులో ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులు వణుకుతున్నాయి. అంతమంది మగవాళ్ల మధ్య అలా చెప్పడానికి సిగ్గనిపించలేదా అని అడిగాను. "అనిపించింది. మండీ దర్వాజ కాడ ఎనకకు తిరుగుదామనుకున్న" అంది. కాసేపాగి, "నువ్వు ఎంబడున్నవని తిరగలే" అంది. మరి మీ మరిదికి కూడా చెబుతారా, ఆయన చెప్పింది కూడా నిజమే కదా అన్నాను. ఆమె కిటికీలోంచి చూస్తూ, "నిజమే చెప్పిండు. ఎందుకు చెప్పిండో ఎర్క గాలె. ఎర్కయిన నాడు పోత" అంది.

ఆమె తోట మళ్లీ వేసింది కాని అంత పంట మళ్లీ రాలేదు. తర్వాతి ఏళ్లలో బోర్లు ఎండిపోయాయి, ఔటర్ రింగ్ రోడ్డు మాట వచ్చింది, ఒక్కొక్క తోటా పోయింది. నాకు పెళ్లై, మేడ్చల్‌లో ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చింది. అప్పుడప్పుడు వెళ్లి చూసి వచ్చేదాన్ని. చివరి ఏడు ఆమె మంచం పట్టినప్పుడు రోజూ వచ్చి మందులిచ్చింది నర్సింహారెడ్డే. ఒకసారి నేనున్నప్పుడే ఆయనను మంచం దగ్గరికి పిలిచింది. "నర్సింహా, ఇన్నేండ్లు నువ్వు భూమి కొరకే వస్తున్నవనుకున్న. ఇప్పుడు భూమి నీకే రాసిన. రాసినంక గూడ వస్తున్నవ్. నా అనుమానం తప్పు. ఈ పిల్ల ముందల చెప్తున్న" అంది. ఆయన అప్పటికి ముసలివాడు. మందు గ్లాసు చేతిలో పట్టుకుని, గోడ వైపు తిరిగాడు. తర్వాత, "మొదట్ల భూమికే వచ్చిన వదినా" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వులో గెలిచిన సంతోషం కూడా కొంచెం ఉంది, నేను చూశాను.

అనుమానించడం ఆమె దగ్గర నేర్చుకున్నానని ఇంట్లోవాళ్లు అంటారు. నిజమే. కాని అది ఎవరి దగ్గరైనా నేర్చుకోవచ్చు. ఇన్నేళ్లలో కాలేజీలో ఎవరి మీదైనా నాకు సందేహం వస్తే, ఆ సంగతి పక్కవాళ్ల చెవిలో వేయకుండా ఆ మనిషి గదికే వెళ్లి చెప్పాను. అది కష్టం కాదు, కోపం నడిపిస్తుంది. నా సందేహం తప్పని తేలాక అదే గదికి, అదే నలుగురూ ఉన్నప్పుడు రెండోసారి వెళ్లాలి. అప్పుడు నడిపించడానికి కోపం ఉండదు. గుమ్మం దగ్గర ఇప్పటికీ నా అడుగు ఆగుతుంది, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరగాలనిపిస్తుంది. తిరుగు బస్సులో ఆమె ఒళ్లో పెట్టుకున్న ఆ వణికే చేతులు గుర్తొస్తాయి. లోపలికి వెళతాను.